ఒంటి రేకు

కొత్త రేకుకు వెల్డింగ్ సెగ తగిలి రంగు మాడితే ఒక వాసన వస్తుంది. చేదుగా ఉంటుంది, గొంతుకు పట్టుకుంటుంది. పోయిన వారం సూర్యాపేటలో యాకూబ్ భాయ్ షెడ్డులో ఆ వాసన తగిలేసరికి నాకు స్టూలు మీద కూర్చోబుద్ధి కాలేదు, లేచి బయట నిలబడ్డాను. నలభైకి దగ్గరపడి, జీతం కాస్త కుదురుకున్నాక, టూర్ల కోసం ఈమధ్యే ఒక పెద్ద మోటారు సైకిలు కొనుక్కున్నాను. మాది విత్తనాలు, పురుగుమందులు అమ్మే కంపెనీ. నెలలో ఇరవై రోజులు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్య పల్లెలు తిరగడమే నా ఉద్యోగం. వానాకాలం వస్తోంది కదా, ఇంజనుకు కింద రెండు పక్కలా కాళ్ళ ముందు రేకులు కట్టించుకుందామని బండి తెచ్చాను. ముందున్న గార్డు కడ్డీకి వాటిని బిగిస్తారు. మోకాలి నుంచి పాదం దాకా గాలి, నీళ్ళు, బురద తగలవు. యాకూబ్ భాయ్ టేపు పెట్టి కొలతలు తీసుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, మామూలుగానే అడిగాడు.

"ఒకటా సార్, రెండా?"

బయటివాళ్ళు ఎవరైనా వింటే నవ్వుతారు. బండికి రెండు పక్కలుంటే రేకు ఒకటేమిటి? మా ఇద్దరికీ మాత్రం నవ్వు రాలేదు. ఆయన ఎత్తిపొడవడానికి అడగలేదు, అలాంటి మనిషి కాడు. నేనే "రేపొచ్చి చెప్త భాయ్" అని బండి అక్కడే వదిలేసి నడిచి ఇంటికి వచ్చాను. ఆ ప్రశ్న వెనక ఒక మనిషి ఉన్నారు. ఆయన్ను మీరెవరూ చూసి ఉండరు. ఆయన గురించి మంచి మాటలు చెప్పేవాళ్ళు ఈ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు కానీ, నేను చెప్పాల్సిన మాట ఇంకెవరూ చెప్పలేరు.

దేవసహాయం సార్ నా మొదటి ఆఫీసరు. నేను రెండు వేల మూడులో చేరేనాటికి ఆయనకు యాభై దాటాయి. చిలుకూరులో కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, చదువుకుని, కోదాడలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. పొట్టి మనిషి, పెద్ద బండి. సీటు మీద కూర్చుంటే మునివేళ్ళు మాత్రమే నేలకు ఆనేవి. బూట్లు వేసుకునేవారు కాదు, ఎప్పుడూ తోలు చెప్పులే. బూట్లుంటే విప్పడానికి బద్ధకించి గట్టు మీది నుంచే పంట చూసి వచ్చేస్తామని ఆయన భయం. చెప్పులు గట్టున వదిలి, ప్యాంటు మడిచి, మోకాలి లోతు దిగబడుతూ మడి నడిమధ్యకు పోయేవారు. నాకేమో అది కంపరంగా ఉండేది. మాది మోతె దగ్గర ఊరు, గొర్లు కాసుకునే ఇల్లు. ఉద్యోగం అన్నది మా ఇంట్లో నాతోనే మొదలు. బడిలో నా పక్కన కూర్చోమంటే ముక్కు మూసుకున్న పిల్లల ముఖాలు నాకింకా గుర్తే. అందుకని మొదటి జీతంతో కొన్న వస్తువు ఇస్త్రీపెట్టె. బురదలోంచి బయటపడ్డానని నేను సంబరపడుతుంటే, కంపెనీ నన్ను తీసుకుపోయి రోజూ బురదలో దిగే మనిషికి అప్పగించింది.

ఆయనకు షుగరు ఉంది. మోతె దగ్గరే ఒక మిరప చేను చూసి వచ్చి బండెక్కుతుంటే ఆయన ఎడమ అరికాల్లో అంగుళం పొడవు తుమ్మ ముల్లు దిగి ఉండటం నేనే చూశాను. చెప్పులో రక్తం కూడా కనిపించింది. "సార్, ముల్లు" అన్నాను. వంగి చూసుకుని, ఎవరిదో కాలు చూసినట్టు చూశారు. "గుంజెయ్యి మల్లేశం. పాదాలకు తెలవట్లేదయ్యా ఈమధ్య. షుగరు కదా" అన్నారు. నేనే కూర్చుని పీకాను. ముల్లు వస్తుంటే ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. ఈ సంగతి ముందే రాస్తున్నాను, ఎందుకంటే ఆ కాళ్ళకు వేడీ నొప్పీ తెలియవని నాకు తెలియదని రేపు నేను చెప్పుకోవడానికి లేదు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న పని ఒకటే, ఉత్త మడి వదలడం. కొత్త మందు ఏది వచ్చినా రైతు పొలమంతా కొట్టనిచ్చేవారు కాదు. ఒక మడి మందు లేకుండా ఉత్తగా వదిలిపెట్టమని బతిమాలేవారు. రైతులు మొదట తిట్టేవాళ్ళు, అది పాడైతే ఎవడిస్తడని. త్రిపురారం దగ్గర కాలువ కింద వరికి సుడిదోమ పట్టినప్పుడు సైదులు అనే రైతు పొలంలో అలాగే చేశారు. పది రోజులకు పోతే మందు కొట్టిన మళ్ళన్నీ నిగనిగలాడుతున్నాయి. నేను అప్పటికే ఫోటో తీయడానికి సిద్ధమవుతున్నాను. సార్ పోయి ఉత్త మడిలో దిగారు. అక్కడా దోమ లేదు. మధ్యలో రెండు పెద్ద వానలు పడి కొట్టుకుపోయింది. సార్ గట్టు మీదికి వచ్చి సైదులుతో, "నీ పైరు బాగుంది కానీ అది మా మందు గొప్ప కాదు. వాన గొప్ప. ఇంకోసారి కొట్టకు" అన్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది. బండి మీద వస్తూ అడిగేశాను, ఇట్లయితే మన కంపెనీ మందు ఎవరు కొంటరు సార్ అని. ఆయన నవ్వి, "ఆ ఒక్క మడి లేకపోతే మనం అబద్ధం చెప్పేవాళ్ళం కూడా కాదయ్యా. అబద్ధాన్ని నమ్మేవాళ్ళం. అది ఇంకా అధ్వానం" అన్నారు. ఆ సాయంత్రం ఒక నోట్‌బుక్కులో అన్నీ రాసుకున్నారు. ఏ ఊరు, ఏ పొలం, ఏ పక్క వేశాం, ఏ పక్క వదిలాం, ఏం తేలింది. ఒక్కో పరీక్షకు ఒక్కో పేజీ.

రెండు వేల ఐదు వానాకాలంలో మిర్యాలగూడ ఫంక్షన్ హాల్లో డీలర్ల మీటింగ్ పెట్టారు. హైదరాబాదు నుంచి పెద్ద సార్ వచ్చారు. నేను ముందు రోజే వచ్చి లాడ్జిలో దిగి, తెల్ల చొక్కా వేసుకుని ముందు వరుసలో కూర్చున్నాను. దేవసహాయం సార్ పొద్దున్నే ఎవరో రైతు ఫోను చేశాడని త్రిపురారం పోయి, కాలువ కట్ట మీది నుంచి నేరుగా మీటింగుకు వచ్చారు. మోకాళ్ళ దాకా బురద. తెల్లటి టైల్స్ మీద ఆయన అడుగులు గుమ్మం నుంచి వరుసగా పడ్డాయి. పెద్ద సార్ మైకులోనే, "రండి దేవసహాయం గారూ. మీరు పొలం నుంచి వచ్చారా, పొలాన్నే వెంట తెచ్చారా?" అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఏదో పెదవులు కదిలించడం కాదు, పెద్ద సార్‌కు కనపడేలా నవ్వాను. దేవసహాయం సార్ కూడా నవ్వి, చివరి వరుసలో ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చున్నారు. తరువాత భోజనాల దగ్గర నన్ను బాధపెట్టింది నా నవ్వు కాదు, ఆయన బురద. ఇలాంటి మనిషి కింద పనిచేస్తున్నానని నలుగురికీ తెలిసిపోయిందే అని.

అప్పుడు నా బుర్రకు రేకుల ఆలోచన వచ్చింది. సూర్యాపేట హైవే మీద హోటళ్ళ దగ్గర దూరప్రయాణాలు చేసే బండ్లు ఆగినప్పుడు చూసేవాణ్ణి. కొన్నింటికి కింద రెండు పక్కలా రెక్కల్లాగా తొడుగులుండేవి. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళ ప్యాంట్లు కూడా శుభ్రంగా ఉండేవి. సార్‌తో చెప్పాను. నేను చెప్పిన కారణం మాత్రం ఆయన ఆరోగ్యం. వానల్లో కాళ్ళు నానుతున్నాయి, షుగరు మనిషికి మంచిది కాదు అన్నాను. ఆయన నిజంగానే ఆలోచనలో పడ్డారు. కోదాడలో ఒక టీ కొట్టు ముందు బండి ఆపి, ఇంజను పక్కన చెయ్యి పెట్టి చూశారు.

"వానాకాలం, చలికాలం బాగుంటది. మరి ఎండాకాలం? ఇంజనుకు తగిలే గాలి ఆగుద్ది. ఆ వేడంతా ఎటు పోద్ది?"

"ఎండకాలం ఇప్పేద్దాం సార్."

"ఇప్పుతామా? ఒకసారి బిగించినాక ఎవరిప్పుతరయ్యా." కాసేపు చూసి, చివరికి ఆయనకు అలవాటైన దారికే వచ్చారు. "ఒక పని చేద్దాం. ఒక పక్కే పెట్టిద్దాం. ఎండలు ముదిరేదాకా తిరుగుతా. రెండు కాళ్ళూ చూసుకుంటే ఏది సుఖంగా ఉందో అదే చెబుద్ది. అప్పుడు రెండోది పెట్టడమా, ఉన్నది తీసెయ్యడమా, నువ్వే తేల్చు."

"ఒక్క దిక్కే ఉంటే మంది నవ్వుతరు సార్."

"నవ్వనీ. నవ్వితే మనకేం పోద్ది?"

ఆయనకేమీ పోదు. నాకు పోతుంది. ఆ మాట మాత్రం నోట్లోనే మింగాను.

డిసెంబరులో క్రిస్మస్‌కు ఆయన చిలుకూరు పోతూ బండి తాళం నాకిచ్చి, సూర్యాపేటలో రేకు పెట్టించమన్నారు. అలా మొదటిసారి యాకూబ్ భాయ్ షెడ్డుకు వెళ్ళాను. షట్టర్లు, కూలర్ల డబ్బాలు చేసే మనిషి, చేతిలో మంచి పనుంది. చెప్పినట్టే కుడి పక్క రేకు కొట్టి, వంపు తీసి, నల్ల రంగు వేసి బిగించాడు. బండి బయటికి తీసి నిలబెట్టగానే ఎదురుగా టీ తాగుతున్న నలుగురు ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒకడు, "ఏందన్నా, బండికి పక్షవాతమొచ్చిందా? ఒక్క దిక్కే కట్టు కట్టిన్రు" అన్నాడు. మిగిలినవాళ్ళు గ్లాసులు పక్కన పెట్టి మరీ నవ్వారు. నేను ఆ బండి మీద ఊరు నడిమధ్య నుంచి పోవాలి. డీలరు దుకాణం ముందు ఆపాలి. నా చెవులు వేడెక్కాయి. బండి మళ్ళీ లోపలికి తోశాను.

"భాయ్, రెండోది గూడ కొట్టు."

యాకూబ్ భాయ్ నన్ను ఎగాదిగా చూశాడు. "సార్ ఒక్కటే పెట్టమన్నడని నువ్వే అంటివి గద."

"సార్‌కు నేను చెప్పుకుంట. నువ్వు పెట్టు."

"నాదేం పోయింది, పెడ్త. జర ఆయనకు ఫోన్ కొట్టి అడగరాదు?"

అడగలేదు. సాయంత్రానికి రెండు రేకులతో బండి దొరబాబులా తయారైంది. సార్ తిరిగి వచ్చి బండి చూసి, "ఇదేందయ్యా?" అన్నారు. కోపంగా కాదు, అడగడానికే అడిగారు. దారి పొడుగునా తయారు చేసుకున్న మాట నా నోట్లో ఉంది. "యాకూబ్ భాయ్ ఇనలే సార్. ఒక్క దిక్కే పెడితే బరువుకు బండి అటే గుంజుతదట. పడితే నా పూచీ కాదన్నడు" అని చెప్పాను. సార్ రేకును చేత్తో తట్టి, "అట్లనా. పనోడి మాట పనోడిది. కాదనకూడదు" అన్నారు. తన పని తెలిసిన మనిషి మాటను ఆయన ఎన్నడూ కొట్టేయరు. అది నాకు తెలుసు. తెలిసే ఆ అబద్ధం ఎంచుకున్నాను. నన్ను నేను క్షమించుకుందామని ఎన్నిసార్లు కూర్చున్నా, ప్రతిసారీ ఇక్కడికి వచ్చేసరికి ఆగిపోతాను.

చలికాలమంతా అంతా బాగానే నడిచింది. సార్ ప్యాంటుకు బురద లేదు. జనవరి మీటింగులో పెద్ద సార్ ఆయన భుజం తట్టారు. నేను నా పని ఫలించిందని మురిసిపోయాను. ఏప్రిల్లో సార్ పాదాల మీద, చీలమండల దగ్గర చర్మం ఎర్రబడి, ఎండిపోయి పొట్టు రాలడం మొదలైంది. రెండు కాళ్ళకూ ఒకేలా. "షుగరేనయ్యా, రక్తం సరిగ్గా పోవట్లేదు" అని కొబ్బరినూనె రాసుకున్నారు. మే నెలలో ఒక మధ్యాహ్నం ఆయన బండి నేను కోదాడ నుంచి సూర్యాపేటకు నడపాల్సి వచ్చింది. పావుగంటకే పిక్కలు ఉడికిపోయాయి. రేకు వెనక వేడి కదలకుండా నిలబడి, పొయ్యి ముందు కూర్చున్నట్టే ఉంది. మోకాళ్ళు బయటికి చాపి కప్పలాగా కూర్చుని నడిపాను. సూర్యాపేటలో దిగి చూసుకుంటే బూట్లలో ఉన్న నా పాదాలు కూడా ఎర్రగా కమిలి ఉన్నాయి. ఇక సందేహం లేదు, నాకు తెలిసిపోయింది. మర్నాడు తాళం ఇస్తుంటే సార్, "ఎట్లుంది బండి?" అన్నారు. "బాగుంది సార్" అన్నాను. బాగాలేదంటే విప్పుదాం పద అంటారు. విప్పడానికి యాకూబ్ భాయ్ దగ్గరికే పోతాం. పోతే నా మాట బయటపడుతుంది. ఒక మనిషి పాదాలు ఒక పక్క, నా పరువు ఒక పక్క. ఎటు మొగ్గానో చెప్పాను కదా.

జూన్‌లో కుడి పాదం మీద, సైలెన్సరు వైపు, బొబ్బ లేచి పగిలింది. ఆయనకు తెలియలేదు. అలాగే రెండు రోజులు నారుమళ్ళలో దిగారు. మూడో రోజు ఇంట్లో వాసన వస్తోందని సార్ భార్య కరుణమ్మ మేడమ్ ఆయన కాలు ఎత్తించి చూసి నాకు ఫోను చేశారు. సూర్యాపేట దవాఖానలో చేర్చాం. డాక్టరు గారు చూసి, ఎక్కడైనా వేడికి కాలు పెట్టారా, ఇది కాలినట్టుంది అన్నారు. సార్ మంచం మీద నుంచే ఓపిగ్గా ఆలోచించి జవాబు చెప్పారు. "కాలితే ఒక్క కాలే కాలుద్ది కదండీ. రెండూ ఒకే తీరుగా ఎర్రబడినయి. ఇది లోపలి జబ్బే." ఆయన జీవితమంతా నమ్ముకున్న పద్ధతే అది. పక్కన పెట్టి చూడటం. ఉత్తగా వదిలిన కాలు ఒకటి ఉండి ఉంటే నెల ముందే దొరికిపోయేది. నేను మంచం పక్కనే, మందుల సంచి పట్టుకుని నిలబడి ఉన్నాను. అప్పుడు నోరు విప్పి ఉంటే ఏం మారేదో తెలియదు, వేళ్ళు అప్పటికే నల్లబడ్డాయి. కానీ విప్పలేదు. మొదట మూడు వేళ్ళు తీశారు. నెల తిరక్కుండా సగం పాదం తీశారు.

ఇక ఆయన మడిలో దిగలేకపోయారు. ముందుగానే ఉద్యోగం మానేశారు. ఆయన చోటు నాకిచ్చారు. ఆ ఆర్డరు తీసుకుని నేను కోదాడ పోతే, "మంచిదయ్యా మల్లేశం. ఉత్త మడి మాత్రం మానకు" అన్నారు. మానలేదు. అంతవరకు నేను ఆయన మాట నిలబెట్టాను. ఆ ఆరేళ్ళలో పండుగకు పబ్బానికి వెళ్ళి కూర్చుని వచ్చేవాణ్ణి. యాకూబ్ భాయ్ షెడ్డున్న వీధిలోకి మాత్రం పోలేదు. అటు పని పడితే చుట్టూ తిరిగి పోయేవాణ్ణి.

రెండు వేల పన్నెండులో చిలుకూరులో పత్తి మీద ఒక పరీక్ష పెడుతూ, ఇదివరకు అక్కడ సార్ ఏం చేశారో చూద్దామని కోదాడ వెళ్ళాను. ఆయన వసారాలో కుర్చీలో కూర్చుని, సగం పాదానికి కుట్టించిన బూటు తొడుక్కుని ఉన్నారు. "లోపల బీరువాలో ఉన్నయి, చూసుకో" అన్నారు. నోట్‌బుక్కులు తెచ్చి ఆయన ముందే నేల మీద కూర్చుని తిప్పుతున్నాను. పత్తి పేజీ దొరికింది. దాని తరువాత ఇంకొకటి ఉంది. పైన "బండికి రేకులు" అని రాసి ఉంది. కింద ఆయన గుండ్రటి అక్షరాలు.

"కుడి పక్క వేశాం. ఎడమ పక్క వేశాం. ఉత్త పక్క లేదు. ఎండాకాలం రెండు కాళ్ళూ ఎర్రబడ్డాయి. బండి ఆపిన రెండు నెలలకు ఎడమ కాలు దానంతటదే మామూలైంది. కనుక కారణం రేకులే. ఒక పక్కే పెట్టమన్నాను. పనివాడు వినలేదు."

చివరి రెండు మాటల దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. పుస్తకం మూయలేకపోయాను. అందులో ఎన్ని వందల పేజీలున్నాయో, ఎన్ని ఊళ్ళ పొలాలున్నాయో. తప్పు మాట ఒక్కటే ఉంది, అది నేను రాయించింది.

"సార్, యాకూబ్ భాయ్ ఇన్నడు. ఒక్కటే పెట్టిండు. మంది నవ్విన్రని నేనే రెండోది పెట్టించిన. బండి గుంజుతదని ఆయన అనలే. నేను పుట్టించిన మాట అది. మే నెల్ల బండి నడిపినప్పుడు వేడి సంగతి నాకు తెలిసింది. అప్పుడు గూడ చెప్పలే."

ఒక్క ఊపిరిలో చెప్పేశాను. తల ఎత్తలేకపోయాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండునని ఎదురుచూశాను. మెల్లగా అన్నారు.

"దవాఖాన నుంచి వచ్చినంక యాకూబ్ నన్ను చూడటానికి వచ్చిండు. సూర్యాపేట నుంచి బస్సెక్కి, పండ్లు తీసుకొని. ఈ గుమ్మంలోనే నిలబడ్డడు. కూర్చోమనలేదు నేను. బాగున్నా అని చెప్పి పంపించిన. జీవితంలో ఒక్క మనిషిని అట్లా పంపించిన."

నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. ఒక మనిషి పాదం తీశాననే నా బాధ. ఇంటికి వచ్చిన వాణ్ణి కూర్చోమనని మనిషిగా ఆయన్ను మార్చానని అప్పుడు తెలిసింది. సార్ జేబులోంచి పెన్ను తీసి నాకు చాచారు.

"ఆ మాట కొట్టేసి, సరిగ్గా రాయండి."

రాయి అనలేదు. రాయండి అన్నారు. "పనివాడు వినలేదు" అన్నది కొట్టేసి కింద రాశాను. "పనివాడు విన్నాడు. మల్లేశం వినలేదు." ఆయన పుస్తకం తీసుకుని చదివి, కారు కిరాయికి మాట్లాడమన్నారు.

మేము పోయేసరికి షెడ్డులో యాకూబ్ భాయ్ గేటు వెల్డింగ్ చేస్తున్నాడు. మమ్మల్ని చూసి ముసుగు తీసి లేచాడు. సార్ కర్ర పట్టుకుని కారు దిగి, భాయ్ కుర్చీ వేసినా కూర్చోకుండా, నిలబడే చెప్పారు. "భాయ్, ఆ రోజు నువ్వొస్తే నేను కూర్చోమనలేదు."

"యాదికి లేదు సార్" అన్నాడు యాకూబ్ భాయ్. యాదికి ఉందని ఆయన ముఖమే చెబుతోంది.

"నాకు గుర్తుంది. ఒక్కరి మాటే విన్నా. రెండో మనిషిని అడగలేదు. నా తప్పది."

యాకూబ్ భాయ్ నా వైపు చూశాడు. ఆయనకు అంతా అర్థమైంది. "ఒక్క ఫోన్ కొడితే అయిపోతుండె" అని మాత్రం అన్నాడు, ఎవరితో అన్నాడో తెలియకుండా. నేను "తప్పైంది భాయ్" అన్నాను. ఆయన గ్లవ్స్ విప్పి పక్కన పెట్టి, ఛాయ్ తాగుదాం పాండ్రి అని, టీ కొట్టుకు కేకేసి మూడు చెప్పాడు. ముగ్గురం తాగాం.

సార్ ఆ తరువాత ఏడాది బతికారు. నేను వెళ్ళినప్పుడల్లా ఆదరంగానే చూశారు. అయితే "ఏమయ్యా మల్లేశం" అన్న పిలుపు ఆ రోజుతో పోయింది. "రండి మల్లేశం గారూ, కూర్చోండి" అనేవారు. సాసరులో కప్పు పెట్టి టీ ఇప్పించేవారు, బయటివాళ్ళకు ఇచ్చినట్టు. అందులో వెటకారం లేదు, కసి లేదు. కసి ఉన్నా ఎంత బాగుండేది. పోయిన సంవత్సరం గుండె ఆగి ఆయన చనిపోయారు. సమాధుల దగ్గర నేను అందరికంటే వెనక నిలబడ్డాను. ఆయన పోయిన నెలకు కరుణమ్మ మేడమ్ నోట్‌బుక్కులన్నీ ఒక సంచిలో పెట్టి, నీకివ్వమన్నారయ్యా అని నా చేతికిచ్చారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. నా విషయంలో కాలినవి నా చేతులు కూడా కావు. కనుక నేనిప్పుడు ఏం చేసినా దాన్ని ప్రాయశ్చిత్తమని ఎవరూ అనుకోవద్దు. పోయిన వారం బండి వదిలి వచ్చిన మర్నాడు పొద్దున యాకూబ్ భాయ్ దగ్గరికి వెళ్ళి, "ఒకటే భాయ్. కుడి దిక్కు" అని చెప్పాను. ఆయన రేకు కోశాడు. మధ్యాహ్నానికి బిగించి, బండి రోడ్డు మీదికి తీసి ఇచ్చాడు. టీ కొట్టు దగ్గర ఇప్పుడున్నవాళ్ళు వేరే. వాళ్ళలో ఒకాయన కేకేశాడు, "సార్, ఇంకో దిక్కుది యాడనో పడిపోయినట్టుంది, సూసుకోండ్రి" అని. అందరూ నవ్వారు. చెవులు అప్పటిలాగే వేడెక్కాయి. ఇన్నేళ్ళయినా ఆ బుద్ధి చావలేదు. తల ఊపి, బండి స్టార్టు చేసి కోదాడ రోడ్డెక్కాను.

ఆ పేజీలో నేను రాసిన మాట కింద ఇంకా నాలుగు గీతల జాగా ఉంది. వచ్చే ఎండాకాలం దాకా ఇలాగే తిరిగి, రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూసుకుని, తేలింది అక్కడ రాస్తాను. అది చదివి "ఏమయ్యా మల్లేశం" అనడానికి ఆయన లేరు. ఉన్నా అనరు. ఆ పిలుపును ఆయన బతికి ఉండగానే పోగొట్టుకున్నాను.